భూమికి బొగ్గు తిరిగిచ్చిన మామయ్య

మా ఆయన వాళ్ల నాన్న, మా మామయ్య పోయిన సంగతి అత్తమ్మే ఫోన్ చేసి చెప్పింది. ఖమ్మం ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో నేను పాపకు టిఫిన్ డబ్బా సర్దుతున్నాను. "మీ మామ పోయిండు బిడ్డా. పొద్దున చాయ్ తాగిండు, మంచిగున్నదన్నడు, ఇంకొంచెం పొయ్యమన్నడు. నేను గిన్నె తెచ్చేలోపల కండ్లు మూసిండు" అని ఏడ్చింది. కాస్త ఆగి, "నా చాయ్ మంచిగున్నదని ఎన్నడన్న అన్నడా ఆయన" అంది. ఆ మాటకు నాకు ఏడుపుతో పాటు నవ్వూ వచ్చింది. మామయ్యను తలుచుకుంటే ఎప్పుడూ ఇంతే, నవ్వే ముందు వస్తుంది.

ఆయన కొత్తగూడెంలో బొగ్గు గని కార్మికుడు. ఉద్యోగమంతా భూమి కిందే గడిచింది. రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, పెనుబల్లి దాటాక అడవి అంచున అత్తమ్మకు పుట్టింటివాళ్లిచ్చిన మెట్ట చెలకకు వచ్చి చేరారు. వాన పడితే బురద, ఎండ కాస్తే బండ, అదీ ఆ నేల. మొక్కజొన్న వేస్తే నడుమెత్తు కూడా పెరిగేది కాదు. అమ్మేసి ఖమ్మంలో మా దగ్గర ఉందామని అత్తమ్మ పోరు పెట్టేది. "ఇన్నేండ్లు భూమి లోపల బతికిన. ఇగనన్న పైన బతకనియ్యవా" అనేవారు మామయ్య.

ఒకరోజు రైతు వేదికలో వ్యవసాయ శాఖ మేడమ్ బయోచార్ గురించి చెప్పింది. పత్తి కట్టెను చేన్లో ఊరికే తగలబెట్టకుండా, గుంతలో వేసి కాల్చి, బూడిద కాకముందే నీళ్లతో ఆర్పితే బొగ్గవుతుందట. దాన్ని పొడి చేసి మట్టిలో కలిపితే నేల గుల్లబారుతుంది, తడి నిలుస్తుంది అంది. "బతుకంత బొగ్గు తవ్వి తీసిన మేడమ్. ఇప్పుడు మళ్ల లోపల పెట్టమంటరా" అన్నారట మామయ్య. అందరూ నవ్వారట. ఆయనకు మాత్రం ఆ మాట ఎంత నచ్చిందంటే, మీటింగ్ పూర్తయ్యేదాకా కూడా కూర్చోలేదు. ఇంటికొచ్చి గుంత తవ్వడం మొదలుపెట్టారు.

ఆ ఏడు కాల్చిన బొగ్గు సగం చేనుకే వచ్చింది, అంతా చల్లేశారు. అక్కడ మొక్కజొన్న మొలిచింది, పచ్చగా కాదు, పసుపుపచ్చగా. పక్క చేను రైతు గట్టు మీద నిలబడి, "అన్నా, నీ చేను పసుపు పెట్టుకున్నది, పెండ్లెప్పుడు" అని అడిగాడు. అత్తమ్మ మా ఆయనకు ఫోన్ చేసి, భూమి కొనేవాళ్లను చూడమంది. నేను వెళ్లేసరికి మామయ్య గట్టు మీద తల దించుకుని, పసుపెక్కిన ఆకు నలుపుతూ కూర్చుని ఉన్నారు. ఆయన్ను అలా చూడటం నాకదే మొదటిసారి. "వేరే ఎవరన్న మోసం చేస్తరేమో గని, బొగ్గు నన్ను మోసం చెయ్యదనుకున్న బిడ్డా" అన్నారు.

మామయ్య దగ్గర నంబరు తీసుకుని అక్కడినుంచే మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె స్కూటీ మీద వచ్చి, చేను చూసి నవ్వేసింది. "మీరు సగం మీటింగుకే లేచిపోయారు కదా! కొత్త బొగ్గు ఆకలి మీద ఉంటుంది. మట్టిలో ఉన్న బలాన్ని ముందు అదే పీల్చుకుంటుంది. పేడనీళ్లలో నానబెట్టి, దాని కడుపు నింపి చల్లాలి. దాని నిండా సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలో కంటికి కనిపించని జీవులు కాపురం పెడతాయి. పైరుకు బలం అందించేది అవే."

మామయ్య ముఖం విప్పారింది. "అంటే నేను క్వార్టర్లు కట్టిన, మనుషుల్నే దింపలే" అన్నారు.

అత్తమ్మ ఇంకొక్క పంటకు ఒప్పుకుంది. "ఆ సగం చేన్లనే నీ బొగ్గు. మిగిలిన సగం జోలికి పోవద్దు" అని షరతు పెట్టింది. ఇక పెరట్లో డ్రమ్ముల వరస. పేడ, ఆవు మూత్రం, బెల్లం, వాటిలో నానే బొగ్గు. ఆ వాసనకు చుట్టాలు రావడం తగ్గించారు. ఆదివారం చర్చికి మామయ్య తెల్ల చొక్కా వేసుకుని, నల్లటి చేతులతో వెళ్లేవారు. పాస్టర్ గారు ఆ చేతుల వైపు చూస్తే, "పాపాలన్న కడుక్కోవచ్చు గని, ఇది పోతలేదయ్యగారూ" అన్నారట.

ఆ వానాకాలం మొదట్లో బాగానే కురిసి, తర్వాత మొహం చాటేసింది. అత్తమ్మ సగంలో మొక్కజొన్న ఆకులు పొద్దెక్కకముందే చుట్టుకుపోయేవి. మామయ్య సగం మధ్యాహ్నం దాకా తలెత్తుకుని నిలబడేది. ఒక ఉదయం ఆయన ఫోన్ చేసి, హలో అని కూడా అనకుండా, "బిడ్డా, కిరాయిదార్లు దిగిండ్రు" అన్నారు. పారతో ఒక గడ్డ తీస్తే వానపాములు కనిపించాయట. "నువ్వు జల్దీ రా. మీ అత్త నమ్ముతలేదు, నేను ఎక్కణ్నుంచో తెచ్చి ఏసిన్నంటది."

నేను వెళ్లాక అత్తమ్మ స్వయంగా పార పట్టింది. నల్ల మట్టిలో ఒకచోట తవ్వింది, ఇంకోచోట తవ్వింది. ప్రతి గడ్డలోనూ ఏదో ఒకటి కదిలింది. తర్వాత తన సగంలో తవ్వితే పార ఠంగున మోగింది. ఆమె పార గట్టుకు ఆనించి, చేతులు దులుపుకుంది. చివరికి, "మరి మిగిలిన సగమేం పాపం చేసింది" అంది. చేను అమ్మే మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.

పసుపు గురించి అడిగిన పక్క చేను రైతు కూడా నేర్పమని వచ్చాడు. "నేర్పుత గని, చివరిదాంక కూసుంటనంటేనే" అన్నారు మామయ్య. ఎవరు ఏ పనిలో తొందరపడ్డా ఆయన మాట ఒకటే: "ముందు దాని కడుపు చూడు. తర్వాత అది నీ కడుపు చూస్తది." కొత్త ఉద్యోగంలో కుదురుకోలేక ఇబ్బంది పడ్డ రోజుల్లో నాకూ అదే చెప్పారు. నా కింద పనిచేసేవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇప్పటికీ ఆ మాట గుర్తుకొస్తుంది.

మొన్న మామయ్య పేరున ఆదరణ కూడిక అయ్యాక, ప్రార్థనకు వచ్చినవాళ్లు భోజనాలు చేస్తుండగా నేనూ అత్తమ్మా చేన్లోకి నడిచాం. ఆయన చివరగా వేసిన మొక్కజొన్న భుజాల దాకా వచ్చింది. దగ్గరదగ్గరగా మొలిచిన రెండింటిలో ఒకదాన్ని అత్తమ్మ పీకింది. గుల్ల మట్టి కదా, సులువుగా వచ్చేసింది. వేర్ల చివర ఒక బొగ్గు ముక్క వేలాడుతోంది. దారాల్లాంటి తెల్లటి పిల్లవేర్లు ఆ ముక్క సందుల్లోంచి దూరి అవతలికి వచ్చాయి. అత్తమ్మ మొక్కను ఒకసారి దులిపింది. మట్టి రాలింది. బొగ్గు మాత్రం వేర్లను వదల్లేదు.