ఓబులప్ప కింద పరిచిన పట్టు

నేను ఒక పక్కన ఎక్కువసేపు పడుకోలేను. మధ్యాహ్నం కునుకు తీసినా అంతే. కాసేపు అటు, కాసేపు ఇటు. వేడి చేసిందని ఇంట్లోవాళ్ళు మజ్జిగ ఇస్తారు. తాగుతాను. వేడి కాదని నాకు తెలుసు. ఒక ముసలాయన నడుము కింద అరచేయంత మేర ఎర్రబడిన చర్మం, దాన్ని నలభై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. ఎక్కడ దించాలో తెలియలేదు. ఈ రోజు మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ మాత్రం చాటు లేకపోతే నాకు నోరు రాదు.

ముందు నా సంగతి చెప్పాలి. డెబ్బైల చివర, కరువు రోజుల్లో, అనంతపురానికి కొంత దూరంలో రోడ్డు పక్కనున్న ఒక చిన్న ధర్మాసుపత్రిలో పనిచేశాను. ముసలివాళ్ళ వార్డంతా నా చేతి మీదే నడిచేది. డాక్టరు వచ్చేలోపే జబ్బు పేరు చెప్పేసేవాణ్ణి. నేను సూది వేస్తే చంటిబిడ్డ కూడా ఏడ్చేది కాదు.

చూడండి, అప్పుడే మొదలుపెట్టాను. సూది ఎన్నడూ పట్టలేదు. నేను వార్డుబాయ్‌ని. బెడ్‌ప్యాన్లు కడిగేవాణ్ణి, పక్కలు దులిపేవాణ్ణి. మా వీధిలో ఇప్పటికీ నన్ను కాంపౌండరు తాత అంటారు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నాను.

అయితే ఒక పని మాత్రం నిజంగా నేర్చుకున్నాను. మా పెద్ద సిస్టరమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. మంచం పట్టిన ముసలివాళ్ళ ఒళ్ళు ఎలా చూడాలి అన్నది. ఎముక చర్మానికి దగ్గరగా ఉండే చోట్లన్నీ పొద్దున్నే చూడాలి. మడమలు, తుంటి, నడుము కింది ఎముక, భుజాల వెనక, తల వెనక. ఎక్కడైనా ఎర్రబడితే వేలితో నొక్కాలి. నొక్కినచోట తెల్లబడి, వదలగానే మళ్ళీ ఎరుపు వస్తే భయం లేదు. ఎంత నొక్కినా ఆ ఎరుపు కదలకపోతే లోపల కండ చెడిపోతోందని అర్థం, పైన చర్మం ఎంత బాగున్నా సరే. అలా కాకుండా ఉండాలంటే రెండు గంటలకొకసారి మనిషిని పక్కకు తిప్పాలి, దిండు పెట్టాలి, మంచానికి వేలాడే కాగితంలో రాయాలి. ఇంతకంటే పెద్ద మందు లేదనేది ఆమె. నాకు బాగా వచ్చింది. కాబట్టి తెలియక చేశానని ఈ కాగితంలో ఎక్కడా అనను. అనబోతే మీరు నమ్మకండి.

ఓబులప్ప ధర్మవరం మగ్గం మనిషి. డెబ్బై దాటాయి. మగ్గం గుంతలోంచి లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి పడ్డాడు, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు తట్టుకోలేడన్నారు. కాలికి బరువు కట్టి వారాల తరబడి మంచం మీదే ఉంచాలన్నారు. కొడుకు మగ్గం వదిలి రాలేకపోయాడు. కోడలు ఆదిలక్ష్మి వచ్చి, ఆసుపత్రి వరండాలో పొయ్యి పెట్టుకుని ఉండిపోయింది. ఎముక కదులుతుందని ఆయన్ను తిప్పే పని మాత్రం ఆమెకు ఇవ్వలేదు. అది నా పని. ఆ కరువులో ఆసుపత్రి బావి ఎండిపోయింది. రోడ్డవతల బోరింగు దగ్గర బిందెలు వరసలో పెట్టుకుని ఆమె ఒక పూటంతా నిలబడేది. అందువల్ల నేను తిప్పానో లేదో ఆమె చూసే వీలు లేదు.

ఓబులప్ప అంటే నాకు ఇష్టం. నా కథలు వినేవాడు. మా తాత బెళుగుప్ప దగ్గర శెనక్కాయ చేలో ఒట్టి తుండుగుడ్డతో ఎలుగుబంటిని కట్టేసిన కథ మొదలుపెట్టాను. నిజానికి మా తాత దాన్ని దూరంనుంచి చూసి ఊళ్ళోకి పరిగెత్తాడు, అంతే. నా నోట్లో అది రోజుకింత పెరిగింది. నాలుగో రోజుకు దానికి పిల్లలు పుట్టాయి. వారానికి అది మనిషిలా ఏడవడం నేర్చింది.

ఆయన్ను తిప్పడం మాత్రం నరకం. చెయ్యి వేయగానే పెట్టే కేక బయట డాక్టరు చీటీల కోసం నిలబడ్డ వరస దాకా వినపడేది. ఒక రోజు నడుము కింద చేతులు పెట్టగానే నా మణికట్టు పట్టుకున్నాడు.

"రేయ్ అబ్బీ, ఈ పొద్దుకు వదిలేయప్పా. ఆ ఎలుగ్గొడ్డు ఏమాయెనో అది చెప్పు."

వదిలేశాను. చెప్పాను. వెల్లకిలా పడుకునే నవ్వాడు, కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారేలా. ఇంత నవ్వే మనిషిని ఎందుకు ఏడిపించాలి అనుకున్నాను. అది దయేనా? కొంత దయే. తిప్పడం నడుము విరిగే పని, అదీ ఉంది. ఇంకొకటి కూడా ఉంది. నేను కథ చెబుతుంటే చుట్టుపక్కల మంచాలవాళ్ళు తలలెత్తి నా వైపు చూసేవాళ్ళు. బెడ్‌ప్యాన్లు కడిగేవాణ్ణి అలా ఎవరు చూస్తారు? దయ ఎంత, బద్ధకం ఎంత, ఆ చూపుల మీద ఆశ ఎంత అని ఎన్నోసార్లు తూచుకున్నాను. ఒకసారి తూచినట్టు ఇంకోసారి తూగదు.

మర్నాడు కూడా అంతే. ఆ పై రోజూ అంతే. కాగితం మాత్రం నిండుగా ఉండేది. రోజంతటిదీ ఒక్కసారే రాసేవాణ్ణి. ఒకటి పెన్నుతో, ఒకటి పెన్సిలుతో, అక్షరం కాస్త వాల్చి, అక్కడక్కడ తడి వేలితో చెరిపి. చూసినవాళ్ళకు వేళకోసారి రాసినట్టే ఉండేది. ఆ పనిలో మాత్రం నేను పెంచి చెప్పడం లేదు, గట్టివాణ్ణే.

ఒక రోజు ఆదిలక్ష్మి ఒక గుడ్డ తెచ్చింది. మగ్గం దగ్గర మిగిలిన పట్టు ముక్కలు ఏరి, నాలుగు పొరలుగా కుట్టింది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఏ ముక్కకు ఆ రంగు. కుట్లు ఒంటికి తగలకుండా కింది వైపుకు పెట్టింది. మామ కింద పరచవచ్చా అని అడిగింది. ఇంటి గుడ్డలు మంచం మీద వేయకూడదని ఆసుపత్రి నియమం. రాజుల పక్కలా ఉంది, పరచమ్మా అన్నాను. పరచడానికి ఆ రోజు ఆయన్ను తిప్పాను. అప్పుడు చూశాను.

నడుము కింది ఎముక మీద అరచేయంత ఎరుపు. వేలితో నొక్కాను. కదలలేదు. మళ్ళీ నొక్కాను, ఇంకాస్త సేపు ఉంచాను. కదలలేదు. ఏం చూస్తున్నావన్నా అని ఆమె అడిగింది. ఏమీ లేదన్నాను. ఇద్దరం కలిసి ఆ ఎరుపు మీదికి పట్టు సర్దాం.

సిస్టరమ్మ ఆ వారం సెలవులో ఉంది. డాక్టరుకు చెప్పి ఉండొచ్చు. చెబితే కాగితం అబద్ధమని తేలుతుంది. మర్నాడు రెండుసార్లు తిప్పాను. ఆ కేకలు విని మూడోసారికి చేతులు రాలేదు. ఆ తర్వాత మళ్ళీ ఎలుగుబంటే.

సిస్టరమ్మ తిరిగొచ్చిన రోజు, గుమ్మంలోనే వాసన పట్టింది. నేరుగా ఓబులప్ప దగ్గరికి వచ్చి తిప్పించింది. ఆ పుండు ఎలా ఉందో రాయను. ఆమె అరవలేదు. కాగితం తీసి పైనుంచి కింది దాకా చదివింది. తిప్పావా అని అడిగింది. తిప్పానన్నాను. అప్పుడు ఓబులప్పను అడిగింది. ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు.

"తిప్పినాడమ్మా. వద్దన్నా ఇనకుండా తిప్పినాడు."

మరి ఈ పుండు ఎలా వచ్చిందని ఆమె అడగకముందే నా కళ్ళు పట్టు మీద పడ్డాయి. ఇది చెమట పీల్చదు, వేడి బయటికి పోనివ్వదు, వద్దని చెప్పినా వినకుండా నేను లేనప్పుడు కోడలు పరిచింది అన్నాను. తడబడకుండా అన్నాను. ఆదిలక్ష్మి అప్పుడే నీళ్ళ బిందె చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అన్నా, నువ్వే కదా..." అంది. అని ఆగిపోయింది.

ఎందుకు ఆగిందని ఎన్నేళ్ళు ఆలోచించానో. నేను అబద్ధమాడుతున్నానని ఆమెకు తెలుసు, వద్దనలేదని తెలుసు. కానీ ఆ మాట నోటిదాకా రాకముందే ఇంకొకటి ఆమె గుండెకు తగిలింది. తను కుట్టిన గుడ్డే మామ ఒంటిని తినేసిందని. బిందె దించి, గుడ్డను తనే లాగేసింది. తెలియక చేశావులే అని సిస్టరమ్మ మెత్తగానే అంది. ఓబులప్ప నోరు తెరిచాడు. కోడలి తప్పు లేదని చెప్పాలంటే, ఇప్పుడే నా కోసం ఆడిన అబద్ధం బయటపెట్టాలి. నోరు మూసుకున్నాడు.

ఆ రోజునుంచి నిజంగానే తిప్పాను. గంటకోసారి కూడా తిప్పాను. ఆయన కేక వేయలేదు. మంచం ఇనుపకమ్మిని పట్టుకుని పళ్ళు బిగించేవాడు. ఎలుగుబంటి సంగతి మళ్ళీ అడగలేదు. పుండు జ్వరంలోకి దింపింది. పదకొండు రోజులకు పోయాడు. ఆదిలక్ష్మి వార్డు వెనక ఆ గుడ్డను కాల్చింది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంతవరకే అయితే ఇది రాసేవాణ్ణి కానేమో.

ఆరేడేళ్ళ తర్వాత చిలమత్తూరులో ఒక పెళ్ళికి పోతూ ధర్మవరం బస్టాండులో నిలబడ్డాను. అప్పటికి ఆసుపత్రి పని మానేశాను. వెనకనుంచి ఎవరో పిలిచారు.

"నువ్వు ఎలుగ్గొడ్డు అన్నవు కదా? మా మామ చెప్పి చెప్పి నవ్వుతాండె."

ఆదిలక్ష్మి. కాస్త చిక్కింది. కోపం లేదు ముఖంలో, అది చూసే నాకు భయం వేసింది. మామ ఆమెకు ఎలుగుబంటి సంగతే చెప్పాడు, మిగతాది చెప్పలేదు. బాగున్నావా, పిల్లలెందరు అని అడిగింది. తర్వాత ఆమె తల్లి సంగతి వచ్చింది. పక్షవాతమట. రెండు నెలలుగా ఈమె ఇంట్లోనే మంచం మీద ఉందట.

"మా అమ్మకు పట్టు తగలనీలేదన్నా. గోనె పరిసి, దాని మీద పాత చీర వేసి పండబెట్టినా. గుచ్చుకుంటాదని ఏడుస్తాది, అయినా వేరేది పరిసలేదు. మల్ల కూడా నడుము కాడ ఎర్రగా అయితాండాది. ఏలన్నా?"

"నొక్కి చూసినావా? ఎరుపు పోతాందా?" నాకు తెలియకుండానే అడిగాను.

"పోవడంల్యా."

"తిప్పుతాండమ్మా. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పు."

ఆమె నన్ను జాలిగా చూసింది.

"మా మామను నువ్వు దినమూ తిప్పితివి కదన్నా. వద్దన్నా తిప్పితివని సిస్టరమ్మ చెప్పె. ఆయప్పకు పడలేదా పుండు? ముట్టుకుంటే అరుస్తాది మా యమ్మ. తిప్పి ఏడిపిస్తే ఏమొస్తాది?"

నా బస్సు వచ్చింది. కండక్టరు ఊళ్ళ పేర్లు అరుస్తున్నాడు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట చెబితే ఆమె ఇంటికి పరిగెత్తి తల్లిని తిప్పేది. గోనె తీసి పారేసేది. ఆరేళ్ళుగా తన చేతుల్ని తాను చూసుకునే తీరు మారేది. మా నాయన మీద ఒట్టు, ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది. అబద్ధం. రాలేదు. నాలుక మీదికి వచ్చింది వేరే మాట.

"అయినా తిప్పు. మంచిదే."

అని బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, అది కూడా గుర్తుంది. ఆమె కింద నిలబడి చెయ్యి ఊపింది.

తర్వాత పోయి చెప్పవచ్చు కదా అంటారు. ధర్మవరం ఏమంత దూరం? పోలేదు. ఆ తల్లి ఏమైందో కనుక్కోలేదు. కనుక్కుంటే తెలుస్తుందని కనుక్కోలేదు. ఆదిలక్ష్మి బతికి ఉంటే ఇప్పుడు డెబ్బై ఉంటాయి. రేపు తను మంచం పడితే పిల్లలకు ఏం చెబుతుంది? పట్టు పరచవద్దని చెబుతుందా? తిప్పితే లాభం లేదని చెబుతుందా? నా అబద్ధం ఆ ఇంట్లో ఎన్ని మంచాల దాకా పోయింది? ఈ ప్రశ్నలే నన్ను అటూ ఇటూ పొర్లిస్తాయి. మజ్జిగ వల్ల తగ్గేవి కావు.

క్షమించమని అడగను. ఎవర్ని అడగాలి? సిస్టరమ్మ లేదు, ఓబులప్ప లేడు. ఇది రాస్తే వాళ్ళెవరికీ ఏమీ ఒరగదు. నాకు మాత్రం రాస్తుంటే చెయ్యి కాస్త తేలికపడుతోంది, ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలిసినా. ఆ రోజు బస్టాండులో రాని మాటను, ఏమీ పెంచకుండా, ఇక్కడ రాస్తున్నాను. ఆదిలక్ష్మీ, అది పట్టు వల్ల కాదు. నేను మీ మామను తిప్పలేదు.