తలలో బ్రష్షుతో ఆత్మకూరు ప్రయాణం

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే జుట్టు కొంచెమైనా నెరవాలి. నాది ఇంకా నెరవలేదు, ఆ రోజులు కూడా మొన్నమొన్నటివే. అయినా నేను చెప్పబోయేది ఆషామాషీ కథ కాదు. ఇందులో బంధనం ఉంది, దూరప్రయాణం ఉంది, పెద్దల ఆశీర్వాదం ఉంది, ఒంటరి పోరాటం ఉంది, విమోచన కూడా ఉంది. మహాకావ్యానికి కావలసిన సరుకులన్నీ ఉన్నాయి. లేనిదల్లా మహాకావ్యమే. (నిజం చెప్పేస్తాను. ఉదయగిరిలో ఒక పిల్ల జుట్టు పొంగించుకోబోయింది, మధ్యలో కరెంటు పోయింది. ఇంతే కథ. పనులున్నవాళ్లు ఇక్కడితో లేచి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను.)

పనుల్లేనివాళ్లకు చెబుతాను. నాకు బీఎస్సీ అయింది, బీఈడీ అయింది, ముఖం మాత్రం ఎనిమిదో తరగతి దగ్గరే ఆగిపోయింది. పొట్టి మనిషిని, సన్నటి మెడ, తలంటుకున్నా అంటుకోకపోయినా నెత్తికి అతుక్కుపోయి ఉండే జుట్టు. అంతకుముందు ఒక బడికి డెమో క్లాసు చెప్పడానికి వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, "యూనిఫారం ఏదీ? లేటుగా వచ్చినోళ్లంతా ఆ గోడ కాడ నిలబడుకోండి" అన్నాడు. నిలబడుకున్నాను. (పెద్దలకు ఎదురు చెప్పే అలవాటు అప్పటికింకా రాలేదు.) డ్రిల్లు మాస్టారు వచ్చి నన్ను విడిపించేసరికి లోపల ఇంకెవరో డెమో చెప్పేసి, ఉద్యోగం కూడా పట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆత్మకూరు నుంచి ఒక బడివాళ్లు పిలిచారు. ఆరో తరగతికి లెక్కలు, బుధవారం పదకొండు గంటలకు డెమో. మా నాయన నిమ్మతోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఆ సంగతి విని, "చూడు పాపా, ఇది గూడా రాకపోతే ఇంక తిరిగింది చాలు. మీ బాబాయి సిమెంటు కొట్లో కూచోని బిల్లులు రాసుకో. నీడపట్టు పని" అన్నాడు. మా నాయన బెదిరించే రకం కాదు, ప్రేమతోనే అన్నాడు, అందుకే భయం వేసింది. ఒక వేసవంతా ఆ కొట్లో కూర్చున్నాను. ఆ రెండు నెలల్లో నేను పీల్చిన సిమెంటుతో చిన్న అరుగు కట్టొచ్చు. ఒక జీవితకాలం పీలిస్తే మేడే లేస్తుంది, నేను మాత్రం అందులోనే ఉండిపోతాను.

అప్పుడు రంగంలోకి దిగింది మా వదిన. నెల్లూరు పిల్ల, మా ఇంటికి కొత్తగా వచ్చింది. నా గోడు విని, డాక్టరు నాడి పట్టుకున్నట్టు నా జుట్టు పట్టుకుని చూసి, "నీ చదువుకేం తక్కువ లేదు చిట్టీ. నీ తలకే ఎత్తు తక్కువ. జుట్టు కాస్త పొంగిందంటే మేడం మాదిరి ఉంటావు" అంది.

"పొంగేదానికి అదేమన్నా పూరీనా?" అంది మూలనుంచి మా అవ్వ.

వదిన బీరువాలోంచి గులాబీరంగు డబ్బా తీసింది. అందులో ఒక యంత్రం. పిడి చివర రోకలి ముక్కంత గుండ్రటి బ్రష్షు. మీట నొక్కితే వేడిగాలి వదులుతూ, జుట్టును చుట్టుకుంటూ, తనంతట తానే గిరగిరా తిరుగుతుంది. ఆన్‌లైన్లో తెప్పించుకుందట. "మనం ఊరికే పట్టుకుంటే చాలు, అంతా అదే చేసుకుంటది" అంది. తర్వాత జరిగినదంతా చూస్తే ఆ మాటలో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

అయితే ముందురోజు సాయంత్రమే మా అవ్వ, "రేపు లెక్కలతో పని, తల చల్లగా ఉండాల" అని నా మాడు మీద ఆముదం పోసి మర్దనా చేసింది. పొద్దున్నే ఉన్న షాంపూ ప్యాకెట్లన్నీ చించి రుద్దుకున్నాను. ఆముదం వాటిని చూసి నవ్వుకుని ఉంటుంది, కదల్లేదు. సరే, తడి తుడుచుకుని పట్టుచీర కట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. వదిన ఎడమపక్క ఒక పాయ తీసి తిప్పింది. అది నిజంగానే పొంగింది! అద్దంలో ఎడమ సగం మేడం, కుడి సగం ఎనిమిదో తరగతి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. (సగం ఆనందం, సగం ఆముదం.) రెండో పాయ తలవెనక, బాగా లావుగా తీసుకుంది. బ్రష్షు చుట్టుకుంటూ చుట్టుకుంటూ మాడు దాకా వచ్చింది. అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. బ్రష్షు ఆగింది. వదిన ఊపిరి కూడా ఆగింది. "ఏం కాలేదు, మెల్లిగా లాగుదాం" అని లాగింది. జుట్టు రాలేదు, నేను వచ్చాను, నాతోపాటు స్టూలు కూడా వచ్చింది. ఆ వేడికి ఆముదం తీగపాకం పట్టినట్టుంది, ప్రతి వెంట్రుకా ఒక్కో పన్నును కావలించుకుని కూర్చుంది. చేత్తో వెనక్కి తిప్పబోతే బ్రష్షు కదలదు. "కరెంటు ఉంటేనే చిట్టీ అది వెనక్కి తిరిగేది" అంది వదిన, నెత్తిన చెయ్యి పెట్టుకుని. (తన నెత్తిన. నా నెత్తిన చోటు లేదు.)

ఇంట్లో అందరూ నా వెనక నిలబడి చూశారు. నాకు తప్ప అందరికీ కనబడింది. మా నాయనకు లోకంలోని యంత్రాలన్నీ బోరు మోటారుకు దూరపు చుట్టాలే. వంగి వాసన చూసి, "కాయిలు కాలలేదు, మంచిదే" అన్నాడు. తర్వాత లైన్‌మన్‌కు ఫోను చేసి వచ్చి, "లైను పనంట, సాయంత్రం దాకా రాదంట" అన్నాడు. అమ్మ కత్తెర పట్టుకొచ్చింది.

"వద్దత్తా! మాడు కాడికి కత్తిరించాల్సి వస్తది. సుత్తితో మిషన్నే పగలగొట్టండి" అని వదిన ఏడుపు గొంతుతో అంది.

"కొత్త కోడలి వస్తువును పగలగొట్టినామంటే ఊరేమంటది?" అన్నాడు నాయన. "జుట్టు మళ్లా మొలస్తాది. మిషను మొలవదు గదా."

ఇద్దరూ ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటున్నారు, మధ్యలో ఉన్నది నా తల. అరచేయంత బోడిగుండుతో డెమోకి వెళ్లినట్టు ఊహించుకున్నాను. ఈసారి వాచ్‌మన్ బడి గోడ కాడికి కాదు, ఆస్పత్రికి పంపిస్తాడు. పక్కింట్లో ఇన్వర్టరు ఉంటే అక్కడికి పరుగెత్తాం. మా బ్రష్షు ప్లగ్గు పెట్టి మీట నొక్కగానే ఆ ఇన్వర్టరు కుయ్యోమని అరిచి, వాళ్ల ఫ్యాను కూడా ఆర్పేసి పడుకుంది. ఇక ఎలాగూ ఆత్మకూరు పోవాలి, ఆత్మకూరులో కరెంటు ఉంది. "బస్టాండులో ఫోన్లకు ఛార్జింగ్ పెట్టుకునే కాడ తిప్పేద్దాం, నిమిషం పని" అంది వదిన. మనుషులు చదువు కోసం, వైద్యం కోసం ఊరు వదిలి వెళ్తారు. నేను ప్లగ్గు కోసం బయలుదేరాను.

బ్రష్షు పిడి వీపు మీదికి వేలాడేలా సర్ది, వైరు నడుం చుట్టూ తిప్పి, చర్చిలో కప్పుకున్నట్టు నిండుగా పైట కప్పారు. అవ్వ నా ముసుగు మీద రెండు చేతులూ ఉంచి, "ప్రభువా, నా మనవరాలిని పట్టుకున్న దీన్ని విడిపించు తండ్రీ. దానికి ఉద్యోగం గూడా ఇప్పించు" అని ప్రార్థించింది. అందరం ఆమేన్ అన్నాం. నాయన ఆమేన్‌తోపాటు, "స్క్రూడ్రైవరు గూడా పెట్టుకోండి" అన్నాడు.

బస్సులో నా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. నడుం దగ్గర జారిన ప్లగ్గును కాసేపు చూసి, "ఏం మే, ఆ వైరేంది?" అంది.

"ఆ పిల్లకు బాగలేదులే అవ్వా. తలలో" అంది వదిన.

"అయ్యో, ఇంత లేత వయసులోనా! ఆస్పత్రోళ్లు మిషనుతోనే పంపించేసినారా?"

ఈ మాట బస్సు మొదటిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ముందు సీటాయన తిరిగి, "ఏం భయపడబాక పాపా. మా బామ్మర్దికి గుండెకాడ పెట్టినారు, బ్రహ్మాండంగా తిరగతా ఉండాడు" అన్నాడు. నాది కూడా తిరిగేదే, కరెంటు ఉంటే. ముసలావిడ కమలాపండు ఒలిచి నా చేతిలో పెట్టింది. తిన్నాను. దిగులుగా ఉన్నా కమలాపండు బాగానే ఉంది.

ఆత్మకూరు బస్టాండులో కరెంటు ఉంది. ఒక సాకెట్టు ఖాళీగా కూడా ఉంది. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి, ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ల వరసలో నేనూ నిలబడ్డాను. వదిన ప్లగ్గు పెట్టబోయి ఆగింది. మళ్లీ పెట్టబోయింది. మళ్లీ ఆగింది. ఆ యంత్రం ఎక్కడో విదేశంలో పుట్టింది, దాని ప్లగ్గు కాళ్లు బల్లపరుపుగా ఉంటాయి, మన గోడ సాకెట్లలో దిగవు. మధ్యలో అడాప్టరని ఒక చిన్న తెల్లముక్క పెట్టాలి.

"అది ఏదీ వదినా?"

"మీ పక్కింటోళ్ల గోడకే ఉండిపోయింది చిట్టీ."

నేను ఏడవలేదు. ఏడిస్తే తల వంగుతుంది, తల వంగితే బ్రష్షు లాగుతుంది. పదకొండు కావస్తోంది. "నువ్వు పోయి క్లాసు మొదలుపెట్టు. నేను అంగళ్లన్నీ ఎతికి అడాప్టరు తెస్తా" అని వదిన బజారులోకి పరుగెత్తింది. నేను ఆటో ఎక్కాను. సిమెంటు కొట్లో నా కుర్చీ ఎటు తిప్పి వేస్తారో కూడా కళ్లకు కట్టినట్టు కనబడుతోంది.

బడిలో హెడ్మిస్ట్రెస్ మేడం నా ముసుగు చూసి గొంతు తగ్గించి, "ఉపవాస ప్రార్థన నుంచి నేరుగా వచ్చినావా అమ్మా?" అని అడిగింది. అవుననలేదు, కాదనలేదు. లోపల ప్రార్థన మాత్రం జరుగుతూనే ఉంది. ఆవిడ వెనక బెంచీలో కూర్చుంది. పాఠం భిన్నాలు. పిడి బరువుకు తల వెనక్కి లాగుతుంటే గడ్డం దానంతట అదే పైకి లేచింది. అంత ధీమాగా నేను ఎప్పుడూ ఎవరి ముందూ నిలబడలేదు. చిక్కల్లా బోర్డుతో. అటు తిరిగితే ముసుగు వెనక పొడుచుకొచ్చిన పిడి అందరికీ కనబడుతుంది. అందుకని పిల్లల వైపే చూస్తూ, చెయ్యి వెనక్కి చాచి, తడుముకుంటూ రాశాను. లవం ఉదయగిరిలో, హారం ఆత్మకూరులో, మధ్య గీత దారిలో ఉన్న దుత్తలూరు మీదుగా పోయింది. పిల్లలు పడీపడీ నవ్వి, "మిస్, పైకి! మిస్, ఇంకా కిందకి!" అని అరుస్తూ దారి చెప్పసాగారు. ఒక్కడు కూడా కునుకు తీయలేదు. ఇంతలో ముందు బెంచీలో ఒక పిల్ల లేచి, "మిస్, మీకు ఛార్జింగ్ పెట్టాలా?" అంది. చూస్తే నా కొంగు కింద ప్లగ్గు ఊగుతోంది.

"కూర్చో అమ్మా, ప్రశ్నలు చివర్లో" అన్నాను. బీఈడీలో నేర్చుకున్నవాటిలో ఆ ఒక్క వాక్యమే పనికొచ్చింది. అదే సమయానికి కిటికీలో మా వదిన ముఖం ప్రత్యక్షమైంది. చెమటతో తడిసిపోయి, చేతిలో తెల్లముక్క పైకెత్తి, దీపం చూపించినట్టు ఊపుతోంది.

గంట కొట్టారు. హెడ్మిస్ట్రెస్ మేడం లేచి వచ్చింది. నేను వీపును బోర్డుకు అంటించి నిలబడ్డాను. సిమెంటు వాసన ముక్కుదాకా వచ్చింది. ఆవిడ, "ఎంతోమంది డెమోకు వస్తారమ్మా. వచ్చినవాళ్లు వచ్చినట్టు బోర్డు వైపు తిరిగి, బోర్డుకే పాఠం చెప్పి పోతారు. పిల్లలకు ఒక్కసారి కూడా వీపు చూపించకుండా చెప్పిన మనిషిని నిన్నే చూస్తున్నా" అంది. "రాత మాత్రం బాగు చేసుకోవాల. సోమవారం వచ్చి చేరు."

స్టాఫ్‌రూములో సాకెట్టు దగ్గర వదిన నన్ను కూర్చోబెట్టి, అడాప్టరు పెట్టి, మీట రెండోవైపు నొక్కింది. బ్రష్షు వెనక్కి తిరిగి, అసలు ఏమీ జరగనట్టు జారి చేతిలోకి వచ్చేసింది. వదిన నా తల చూసి, "అబ్బ, ఏం ఒంపు తిరిగింది చిట్టీ!" అంది. అద్దంలో చూశాను. నిజమే. పొద్దుట్నుంచీ బిగిసి ఉన్న ఆ పాయ అలలు అలలుగా, మహారాణికి ఉండవలసినట్టు ఉంది. చూడటానికి మా ఇద్దరం తప్ప గదిలో ఎవరూ లేరు. సాయంత్రానికి ఆముదం గెలిచింది.

ఇప్పుడు నేను ఆ బడిలోనే చెబుతున్నాను. క్లాసులో బోర్డు వైపు హాయిగా తిరిగి రాస్తాను, వెనక ఇద్దరు నిద్రపోతారు. అప్పుడప్పుడు ఆ రోజు అదే బోర్డుకు అతుక్కుని, గడ్డం ఎత్తుకుని నిలబడ్డ పిల్ల గుర్తొస్తుంది. ధైర్యంగా కనబడటానికి పాపం దానికి తలవెనక అంత బరువు కావలసి వచ్చింది. ఇప్పుడు ఏ బరువూ లేదు, గడ్డం మాత్రం అంత అందంగా లేవడం లేదు. కాస్త అసూయగా కూడా ఉంటుంది.

అన్నట్టు, సోమవారం చేరడానికి వెళ్లినప్పుడు హెడ్మిస్ట్రెస్ మేడం బడి పద్ధతి చెప్పింది. ఆడ టీచర్లందరూ జుట్టు నున్నగా నూనె పెట్టి దువ్వుకుని, గట్టిగా కొప్పు ముడిచి, పైన నల్లటి వల వేసుకోవాలి. వల బడివాళ్లు ఇవ్వరు, ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి.