ఇరవై మిల్లీమీటర్ల ఉక్కు బిళ్ళ

పొద్దున్నే క్లినిక్ తలుపు తీయగానే నేను చేసే మొదటి పని, సొరుగులోంచి ఒక ఉక్కు బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకోవడం. అగ్గిపెట్టె అంత కూడా ఉండదు. చలికాలంలో ఆ చల్లదనానికి చెయ్యి జివ్వుమంటుంది. దాన్ని చర్మం మందం కొలిచే కాలిపర్ దవడల మధ్య ఇరికించి, ముల్లు సరిగ్గా ఇరవై మిల్లీమీటర్ల దగ్గర ఆగాకే మొదటి పేషెంటును పిలుస్తాను. ఈ అలవాటు ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు. సన్యాసిరావు మావయ్యగారు నేర్పింది.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయిలో మన తెలుగువాళ్ళంతా ఒకరికొకరు మావయ్యలూ అత్తయ్యలే. రైలు పట్టాల మిల్లులో ముప్పై ఏళ్ళు కొలతలు చూసిన మనిషి. రిటైరై, క్వార్టరు వదిలి, ఊరి పక్కనే కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాక కొలైటిస్ పట్టుకుంది. పెద్దపేగు లోపల వాచి, పుళ్ళు పడి, మనిషిని రోజుకు పదిసార్లు దొడ్లోకి పరుగెత్తించే జబ్బు అది. సెక్టర్ 4 క్లినిక్‌లో నేను డైటీషియన్‌గా చేరిన కొత్తలో డాక్టరుగారు ఆయన్ని నా దగ్గరికి పంపారు. ఈ జబ్బులో ఒట్టి తూకాన్ని నమ్మడానికి లేదు. స్టెరాయిడ్ మందులకు ఒంట్లో నీరూ కొవ్వూ చేరుతుంటే, కండ మాత్రం కరిగిపోతుంటుంది. అందుకని భుజం కింద చేతి వెనక చర్మాన్ని మడతపట్టి, కాలిపర్‌తో దాని మందం చూసి, టేపుతో చేతి చుట్టుకొలత తీసి, కొవ్వెంతో కండెంతో అంచనా వేస్తాం.

ఆ రోజు ఒక్కసారి మడతపట్టి అంకె రాసేసుకుని, "అయిపోయింది మావయ్యగారూ" అన్నాను. ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

"ఏటమ్మా, జీరో చూసావా?"

"జీరో ఏమిటండీ?"

"ఆ దవడలు ఉత్తినే మూసి, ముల్లెక్కడుందో చూడు."

మూశాను. ముల్లు రెండు మీద ఉంది. అంటే నెల రోజులుగా వచ్చినవాళ్ళందరికీ రెండేసి మిల్లీమీటర్ల కొవ్వు నేనే అంటగట్టానన్నమాట! సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం కడుపు పట్టుకుని నవ్వారు. "నన్ను నవ్వించకు బేటా, మళ్ళీ లోపలికి పరుగెట్టాలి" అంటూనే చేతి మీద పెన్నుతో గుర్తు పెట్టించుకున్నారు. "ఒకే చోట మూడుసార్లు పట్టు. మూడూ కలిస్తేనే రాసుకో."

పనిముట్లకు బొట్టుపెట్టి కొలిచే విశ్వకర్మ పూజ రోజున, మైదానంలో పాత స్నేహితులు రెండు జట్లై తాడు లాగే తాడులాట ఉండేది. తాడు నడుముకు చుట్టుకుని, మడమలు నేలలో దిగేసి నిలబడే చివరి మనిషి ఎప్పుడూ ఆయనే. జబ్బు చేశాక రెండేళ్ళు గట్టు మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ దిగులు జబ్బుకంటే ఎక్కువగా ఉండేది. మూడో ఏడు ఒక్కసారిగా ఆరు కిలోలు పెరిగారు. ఆయన భార్య నర్సమ్మ అత్తయ్య కొబ్బరి లౌజు డబ్బాతో దిగిపోయింది.

"చూడమ్మా, మీ మావయ్యకి ఒళ్ళొచ్చింది. ఈసారి తాడు పట్టుకోవచ్చు కదేటి?"

కొలిచాను. మడత మందమెక్కింది, కండ తగ్గింది. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. పద్దెనిమిదికి బదులు పదిహేను రాశాను. అలా రాస్తే లెక్కలో కండ ఎక్కువ కనిపిస్తుంది.

"ముల్లు పద్దెనిమిది కాడ ఆగింది కదమ్మా" అన్నారు నెమ్మదిగా.

"మీరు తాడు పట్టుకోవాలని..." నాకు ఏడుపొచ్చేసింది.

"అరే పిచ్చి తల్లీ! పట్టా మీద రైలెళ్తాది, రైల్లో మనుషులుంటారు. మొహమాటానికి నేనొక్క అంకె మార్చలేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. మంచిగా చెప్పాలనుంటే నోటితో చెప్పు."

కొట్టేసి పద్దెనిమిది రాశాను. "ఇది బలం కాదు మావయ్యగారూ. ఈ ఏడు వద్దు. వచ్చే ఏటికి తయారుచేద్దాం" అన్నాను. అత్తయ్య లౌజు డబ్బాకు మూత పెట్టేసింది.

ఆ ఏడాదంతా మాకు పండగే. డాక్టరుగారు స్టెరాయిడ్ మెల్లమెల్లగా తగ్గించి ఆపేశారు. గుడ్లు, పెరుగు, కారం తగ్గించిన చేపలు. మేడ మీద నీళ్ళు నింపిన సీసాలు పట్టుకుని ఆయన చేతులు ఎత్తుతుంటే, అత్తయ్య హిందీలో లెక్కపెట్టేది. మళ్ళీ విశ్వకర్మ పూజ నాటికి మూడు కిలోలు తగ్గారు. చిక్కిపోయారని అత్తయ్య గొణిగింది. కండ మాత్రం పెరిగింది. మూడుసార్లు కొలిచి మరీ చెప్పాను.

పూజ రోజు నన్ను కాలిపర్ తెమ్మన్నారు. స్పానర్ల పక్కన పెట్టి దానికీ కుంకుమ బొట్టు పెట్టారు. తర్వాత తాడు నడుముకు చుట్టుకున్నారు. అవతలివాళ్ళు బోర్లా పడ్డారు, ఈయన వెల్లకిలా పడ్డారు. ఒళ్ళంతా బురదతో ఆకాశంకేసి నవ్వుతూ, "ఏటమ్మా, కొలత సరిపోయిందా?" అని అరిచారు. అంత సంతోషం నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు. ఇంటికెళ్ళే ముందు, పూజలో బొట్టు పెట్టిన ఈ బిళ్ళను నా చేతిలో పెట్టారు. ఆయన స్నేహితుడెవరో లేత్ మీద చేసిచ్చిందట.

మావయ్యగారు పోయి మూడేళ్ళయింది. నిన్న సెక్టర్ 2 నుంచి ఒక అమ్మాయి వచ్చింది. అదే జబ్బు, మందులకు బుగ్గలు ఉబ్బాయి. వచ్చే నెల స్కూల్లో కబడ్డీ ఆడాలని ఆశ. మూడుసార్లు కొలిచాను. ముల్లు నాకిష్టం లేని అంకె దగ్గరే ఆగింది. ఉన్నదే రాశాను.

"ఈ బిళ్ళకి కుంకుమేటి దీదీ?" అంది ఆ పిల్ల, ఏటా పూజకు నేను పెట్టే బొట్టు చూసి.

పెన్ను పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, తాడులాట కథంతా చెప్పాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. అప్పుడు అంకె చెప్పాను.