సున్నపు బట్టి లెక్క

నిన్న సాయంత్రం నిజామాబాద్‌లోని మా ఇంట్లో, సున్నపురాయి కాలి సున్నమూ కార్బన్ డయాక్సైడూ అయ్యే చర్యకు మనవరాలు సమతాస్థితి స్థిరాంకం రాస్తుంటే, చదువుతున్న పేపరు మడిచి చూస్తూ కూర్చున్నాను. చర్యలో మూడు పదార్థాలున్నా ఆమె వాయువు గాఢత ఒక్కటే రాసి ఊరుకుంది. ఘనపదార్థాల గాఢత మారదు కనుక వాటిని రాయరట. ఆ సంగతి నాకు తెలుసు; తెలిసిన తీరే ఇప్పటికీ మింగుడుపడదు.

బోధన్‌లో ఇంటర్ చదివేటప్పుడు, కాలేజీలో ఆ పాఠం చెప్పిన రోజుల్లో నేను కామెర్లతో మంచంలో ఉన్నాను. నాతోపాటే చదివే మేనమామ కొడుకు, మా బావ, రోజూ వచ్చి, అవ్వ అని పిలుచుకునే మా అమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని, అరుగు బండల మీద సుద్దముక్కతో పాఠాలు చెప్పేవాడు. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ఒక్కరిని తీసుకుంటారని, పరీక్ష పెడతారని అప్పటికే తెలిసింది. బాపు పోయిన మా ఇంటికి ఆ ఉద్యోగం ఎంత అవసరమో బావకు తెలియనిది కాదు. చెరుకు రసం శుద్ధికి సున్నం కావాలి, దాన్ని కాల్చే బట్టి ఫ్యాక్టరీలోనే ఉంది, కాబట్టి ఈ ప్రశ్న వస్తుందని చెప్పిందీ అతడే, మూడింటినీ రాయమన్నదీ అతడే. రాళ్లకు గాఢత ఏమిటని నేను నసిగితే, "సున్నం లేని సున్నపు బట్టి యాడన్న సూసినవార?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ ప్రశ్నే వచ్చింది. ల్యాబు పెద్దాయన మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "అన్నీ మంచిగ రాసినవ్ బేటా, గీ రాళ్లనెందుకు లెక్కల వట్టినవ్? గీ పిల్లగాడు సూడు, గ్యాస్ ఒక్కటే రాసిండు" అన్నాడు. ఆ పిల్లగాడు మా బావే. అతని వంక చూశాను. వంగి చెప్పు సరిచేసుకుంటున్నాడు, చాలాసేపు.

ఉద్యోగం అతనికి వచ్చింది. నేను తిరిగి తిరిగి విలేకరినయ్యాను. ఒకరు చెప్పిన మాట మరొకరిని అడగనిదే ఏనాడూ వార్త రాయలేదు. అది మంచి గుణమని ఆఫీసులో మెచ్చుకునేవారు. అవ్వకు మాత్రం జరిగింది చెప్పలేకపోయాను. కొడుక్కి పాఠాలు చెప్పినవాడని, బావ వచ్చినప్పుడల్లా ఆమె వేడివేడి రొట్టె కాల్చి పెడుతూనే ఉండేది.

ఇప్పుడు ఆ బట్టీ లేదు, చెరుకు బండ్ల బారులూ లేవు. మనవరాలికి అనుమానమొస్తే ఫోన్ చూసుకుంటుంది. అది తప్పు చెబితే ఇంకోచోట చూసుకుంటుంది, అంతే. దానికెవరూ రొట్టె కాల్చి పెట్టి ఉండరు కదా.