బల్బు యాడుండాది?

ఆ రోజుల్లో వెలుతురు గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. ఇప్పుడు మా పాప లేస్తుందేమోనని గదిలో లైటార్పేసి, వంటింట్లో కూర్చుని ఇది రాస్తుంటే ఆ నమ్మకం తలచుకుని నవ్వొస్తోంది. చదువైపోగానే (ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా కూడా ఉందండోయ్, ఫ్రేము కట్టించి అటక మీద పెట్టాం) కర్నూలులో ఇళ్ల లోపలి అలంకరణ చేసే ఒక ఆఫీసులో చేరాను. ఇల్లు ఇంకా ఇటుకల్లో ఉండగానే, పూర్తయ్యాక లోపల ఎలా ఉంటుందో కంప్యూటర్లో ఫోటోలాగా తయారుచేసి చూపించడం నా పని. సోఫాలూ కర్టెన్లూ ఎవరైనా పెడతారు. మా సారుకు మాత్రం సీలింగు అంచున సన్నని గీతలా వెలిగే లైట్ల మీద ప్రాణం. "గీత లైటు నిజమనిపిస్తే మనిషి సరేనంటాడు, లేదంటే లేచి పోతాడు" అనేవాడు.

మొదట్లో నేను చేసిన లైట్లు సున్నం పూసిన గీతల్లా ఉండేవి. సారు చూసి "ఏమ్మా, సీలింగుకి ముగ్గేసినావా?" అన్నాడు. పోను పోను తెలిసిందేమిటంటే, కిటుకంతా గీతలో కాదు, గీత పక్కన ఉంది. దగ్గర దట్టంగా ఉన్న వెలుతురు దూరం పోయేకొద్దీ పలచబడాలి. గోడ మీది చిన్న చిన్న ఎత్తుపల్లాలు ఆ వెలుతురులో బయటపడాలి. కింద నున్నటి బండల మీద దాని ప్రతిబింబం మసగ్గా పడాలి. అన్నిటికన్నా ముఖ్యం, అసలు లైటు కంటికి కనబడకూడదు. ఇదంతా పట్టుబడడానికి సెలవుల్లో కమలాపురంలో మా ఇంట్లో బీరువా వెనక లైటు పట్టీ అంటించి, గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. మా అమ్మ చుట్టాలకు "పాప ఉద్యోగం చేస్తాండాది" అని గొప్పగా చెప్పి, నా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించేసేది.

అప్పుడొచ్చాడు టిప్పర్ల అన్న. కోసిగి దిక్కు నుంచి వచ్చి కర్నూలులో టిప్పర్ల మీద పైకొచ్చిన మనిషి. ఆయన ఫోనులో అరిస్తే రోడ్డు మీద పోయే లారీలు కూడా పక్కకు జరుగుతాయని మా ఆఫీసులో అనుకునేవాళ్లు. ఆయన కొత్త ఇంటి హాలు నాకప్పగిస్తూ సారు తేల్చి చెప్పాడు: "అన్న ఒప్పుకుంటే ఈ కుర్చీ నీది. లేదంటే వేరే ఉద్యోగం చూసుకోమ్మా." వేరే ఉద్యోగమంటే మా నాన్న దృష్టిలో ఒక్కటే, నంద్యాలలో బ్యాంకు కోచింగ్. ఆయన అప్పటికే హాస్టలు కూడా చూసి వచ్చాడు. అంకెలు చూస్తేనే కళ్లు తిరిగే నేను ఆ హాలు మీద ప్రాణం పెట్టి పని చేశాను. పూర్తయ్యాక చూస్తే, నిజంగా ఉన్న ఇంటిని ఫోటో తీసినట్టే వచ్చింది. నాకు నేనే దిష్టి తీసుకోవాలనిపించింది.

అన్న వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్ద తెర మీద హాలు కనబడగానే "అబ్బా" అన్నాడు. సారు నా వైపు చూసి కళ్లెగరేశాడు. అవ్వ మాత్రం లేచి, తెర దగ్గరకు పోయి, సీలింగును వేలితో తడిమింది.

"ఏం పాపా, ఇంట్లో చేరకముందే మిద్దె చీలిపాయనా?"

అవ్వ పుట్టి పెరిగింది మట్టిమిద్దె కింద. వానలకు ముందు మిద్దె మీద చౌడుమన్ను పోసుకోకపోతే, ఎండకు పగిలిన చోట వెలుతురు గీతలా లోపలికి దిగుతుంది. పైన వెలుగు గీత కనబడిందంటే ఆమెకు ఒకటే అర్థం.

"చీలిక కాదవ్వా, అది లైటు" అన్నాను.

"లైటయితే బల్బు యాడుండాది?"

"లోపల దాచినామవ్వా."

"దుడ్లు పెట్టి కొన్న లైటును దాచేదేంటికి? ఎవురన్నా ఎత్తుకపోతారా? ఈడ ఎండ దిగుతాండాదంటే రేపు వాన దిగదా?"

నేను దిక్కుతోచక అన్న వైపు చూశాను. లారీలను పక్కకు జరిపే ఆ మనిషి చేతులు కట్టుకుని, "అమ్మ చెప్తాండాది గదప్పా" అన్నాడు సారుతో. సారు క్షణం కూడా ఆలోచించలేదు. "నేను ముందే అనుకున్యానన్నా, ఈ పాప కొత్తది" అన్నాడు. వాళ్లు పోయాక నన్ను పిలిచి, "మరీ అంత నిజంగా ఎవరు చేయమన్నారమ్మా నిన్ను?" అని విసుక్కున్నాడు.

నంద్యాల హాస్టలు కళ్ల ముందు కదిలింది. మర్నాడు సీలింగు చెక్కడాలన్నీ అట్లాగే ఉంచి, బొమ్మలో గీతలన్నీ తీసేసి, నాలుగు గోడలకూ నాలుగు ట్యూబులైట్లు తగిలించాను. చేసేదేదో శ్రద్ధగా చేద్దామని పట్టీలూ వైర్లూ కూడా కనబడేట్టు పెట్టాను. (ఒకదాని వెనక బల్లి తోక పెడితే ఇంకా నిజంగా ఉంటుందన్నాను. సారు దండం పెట్టాడు.) అవ్వ మళ్లీ వచ్చి చూసి, "ఇదీ ఇల్లంటే! బల్బుండాది, ఎలుతురుండాది, ఇంకేం గావల?" అని నాకు మెటికలు విరిచింది. నా కుర్చీ నాకు దక్కింది. కారెక్కబోతూ అన్న నన్ను పక్కకు పిలిచి, "పాపా, ఆ చీలిక... అదే, ఆ లైటు పైన నా రూములో పెట్టు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కదులే" అన్నాడు. అంత పెద్ద మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడగా వినడం అదే మొదటిసారి. మా సారు మాత్రం అవ్వ వద్దన్న ఆ మొదటి బొమ్మనే పెద్దది చేయించి, ఆఫీసు ముందు తగిలించాడు. దాన్ని చూసి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. అవ్వలను మాత్రం తోడు తీసుకురావద్దని సారు మర్యాదగా చెప్పేవాడు.

పాప పుట్టాక ఆ కుర్చీ నేనే వదిలేశాను. మొన్న సాయంత్రం పాపను ఉయ్యాలలో వేసి పైకి చూద్దును కదా, సీలింగు మీద సన్నని వెలుగు గీత. గీత దగ్గర దట్టంగా, పోను పోను పలచగా, నేను నెలల తరబడి సాధించాలని చూసినట్టే ఉంది. ఉయ్యాలను అవతలి మూలకు లాగేసి, "ఏమండీ, స్లాబు చీలింది!" అని అరిచాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి, స్టూలెక్కి, చేత్తో తడిమి, నా వైపు వింతగా చూశాడు.

"యాడ చీలిండాదే? హాల్లో లైటు తలుపు పైసందులోంచి పడతాండాది. ఇట్లాంటివి గీసేదానివి నువ్వే గదా?"

"లైటయితే బల్బు యాడుండాది?" అన్నాను.

అనేశాకగానీ అది ఎవరి మాటో గుర్తు రాలేదు. ఆయన నవ్వుతూ హాల్లోకి పోయాడు, నేనూ నవ్వాను. ఉయ్యాలను మాత్రం మళ్లీ దాని చోటికి జరపలేదు.