చదవని రెండో పేజీ

"వైరస్ పరీక్ష రిపోర్టు ఏదండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

అక్కను చూడటం అయిపోయాక నన్ను కూడా లోపలికి పిలిచింది. గర్భాశయ ముఖద్వారం దగ్గర పుండు ఉందనీ, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతున్నాననీ చెప్పింది. ఆ తర్వాతే ఈ ప్రశ్న.

"అలాంటిదేమీ చేయించలేదండీ," అంది అక్క. "మూడేళ్ల కిందట పాప్ స్మియర్ చేశారండీ. అందులో ఏమీ లేదన్నారు."

"ఎవరన్నారమ్మా?"

అక్క చేతిసంచీ జిప్పు లాగుతూ కూర్చుంది. ఆమె నా పేరు చెప్పకుండా ఆగింది నా కోసమే.

గణపవరం దగ్గర అక్కావాళ్ల ఊళ్లో, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి పక్క హాల్లో ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి ఈ క్యాన్సర్ పరీక్ష చేశారు. అక్క ఆ ఊరి బడిలో టీచరు. తను ముందుంటే మిగతావాళ్లు సిగ్గుపడకుండా వస్తారని మొదట తనే వెళ్లింది. ఫారంలో ఫోన్ నంబరు అడిగితే నాది రాసి, ఆ సంగతి తర్వాత నాకు చెప్పింది.

"మీ బావ నంబరిస్తే చేపల చెరువు గట్టు మీద మేత చల్లేవాళ్లందరికీ చదివి వినిపిస్తారురా. నా ఫోనేమో ఎప్పుడూ పిల్లల చేతుల్లోనే. ఇంగ్లీషు కాయితాలు చదవడం నీకు రోజూ ఉన్న పనేగా."

ఉన్న పనే. ఆ రిపోర్టు ఒక సాయంత్రం వాట్సాప్‌లో వచ్చింది. అప్పుడు నేను ఏలూరులో మా పత్రిక డెస్కు దగ్గర జిల్లా పేజీ పెట్టిస్తున్నాను. కొల్లేరు నీళ్లు రోడ్లెక్కి ఊళ్లకు దారి తెగిన రోజది. వార్తలు ఎక్కువ, చోటు తక్కువ. వార్తలో ముఖ్యమైనది పైన ఉంటుంది, తక్కువది కిందికి పోతుంది. చోటు చాలకపోతే కింద నుంచి కోస్తాం. తాడేపల్లిగూడెం నుంచి వచ్చినా, అత్తిలి నుంచి వచ్చినా, చాలా ఏళ్లు అలాగే కోశాను. కోసిన దానికోసం ఎవరూ తిరిగి అడిగేవారు కాదు.

అక్క రిపోర్టునీ అలాగే చదివాను. మొదటి పేజీలో క్యాన్సర్ కణాలు కనిపించలేదని ఉంది. కణాల్లో స్వల్పమైన తేడా ఉందని దాని కింద ఉంది. రెండో పేజీలో సంతకాలూ ల్యాబు చిరునామా ఉంటాయనుకుని తెరవలేదు.

"క్యాన్సర్ లేదక్కా," అని ఫోన్ చేశాను. "ఏదో చిన్న తేడా అట."

"చిన్నదంటే?"

"చిన్నదంటే చిన్నదే. నీ పిల్లల్లా ప్రతిదానికీ ప్రశ్నలేంటే?"

అక్క నవ్వింది. "సరేరా. ఈ ఆదివారం సాక్ష్యం చెప్తాను."

దేవుడు చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పడం వాళ్ల చర్చిలో అలవాటు. అక్క మైకు పట్టుకుని, పరీక్షలో తనకేమీ లేదని తేలిందని చెప్పి స్తోత్రం చేసింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ మాట నమ్మి, అంతవరకూ భయపడుతున్న ఇద్దరు ముగ్గురు కూడా తర్వాత వెళ్లి పరీక్ష చేయించుకున్నారట. ఆ రోజు అక్క గొంతులో ఉన్న సంతోషం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నెలసరి నిలిచిపోయిన అక్కకు కిందటేడు మళ్లీ రక్తం కనిపించడం మొదలైంది. చాలా నెలలు ఎవరికీ చెప్పలేదు. బావగారు బట్టలు చూసి నిలదీస్తే తప్ప బయటపడలేదు. ఏలూరులో ఈ డాక్టరమ్మ దగ్గరికి వస్తుంటే కారులో అడిగాను, ఎందుకు దాచావని.

"అందరి ముందూ సాక్ష్యం చెప్పినదాన్ని. మళ్లీ డాక్టరు దగ్గరికెళ్తే దేవుడి మేలు అబద్ధమంటారు కదరా. లేదన్న రిపోర్టు ఉంది కదా, అదే తగ్గుతుందనుకున్నాను."

లేదన్నది రిపోర్టు కాదు, నేను.

డాక్టరమ్మ నింపాదిగా వివరించింది. అలాంటి స్వల్పమైన తేడా చాలామందిలో కనిపిస్తుంది, చాలామందిలో దానంతట అదే సర్దుకుంటుంది. ఎవరిని వదిలేయొచ్చో, ఎవరిని దగ్గరగా చూడాలో తేల్చడానికే, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్ష. వైరస్ లేకపోతే కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తారు. ఉంటే వెంటనే లెన్సు పెట్టి పరిశీలిస్తారు, అవసరమైతే చెడిన కణాలను ముదరకముందే తీసేస్తారు.

"ఆ కాయితంలో రాసే ఉంటారండీ," అంది.

రాసే ఉంది. ఇంటికొచ్చి పాత ఫోను ఛార్జింగు పెట్టి వెతికాను. రెండో పేజీలో సంతకం పైన ఒకే ఒక్క వాక్యం: హెచ్‌పీవీ పరీక్ష చేయించవలసినదిగా సూచన.

బయాప్సీలో క్యాన్సరేనని తేలింది. ఇప్పుడు అక్కకు రేడియేషన్ నడుస్తోంది. అన్నం సయించడం లేదు. బావగారు చెరువు మీదికి వెళ్లడం మానేసి ఆమెతోనే ఉంటున్నారు. మొన్న వెళ్తే నా చేతిలోని కొబ్బరిబోండాం అందుకుని, "నువ్వు సగం తాగే తెచ్చావు కదూ?" అని ఆట పట్టించింది. రిపోర్టు మాట ఎత్తలేదు. రెండో పేజీ సంగతి నేనూ ఇంకా చెప్పలేదు.

ఆ పరీక్ష ఇప్పుడైనా చేయగలరేమోనని ల్యాబుకు ఫోన్ చేసి కనుక్కున్నాను. అప్పటి నమూనాను ఎప్పుడో పారేశారట. ఆ రోజున అక్కలో వైరస్ ఉందో లేదో తేల్చే పరీక్ష ఇప్పుడు ఏదీ లేదు.