టీకాల జీపులో చదువు ప్రచారం

1968 ఫిబ్రవరిలో నన్ను శ్రీకాకుళం జిల్లా ప్రచార విభాగంలో సహాయాధికారిగా వేశారు. గెజిటెడ్ హోదా కాకపోయినా జీపు ఎక్కే అర్హత ఉండేది. ఆరేళ్లు నిండిన పిల్లలందరినీ బడిలో చేర్పించాలన్న ప్రభుత్వ విధానాన్ని తల్లిదండ్రులకు తెలియజెప్పడం నా పని. అందుకు వచ్చిన నిధులు మార్చి నెలాఖరులోగా ఖర్చు కాకపోతే లాప్సయిపోతాయి, అంటే ఖజానాకు తిరిగి వెళ్లిపోతాయి. అందుచేత మార్చి నెలలో మా ఆఫీసుకు చదువు మీద పుట్టుకొచ్చే ప్రేమ అంతా ఇంతా కాదు.

నౌపడ దాటాక సముద్రపు ఒడ్డున ఒక జాలరిపేట. అక్కడిది ఏకోపాధ్యాయ పాఠశాల. మొత్తం బడికి సూర్యనారాయణ మాస్టారు ఒక్కరే. హాజరు పలచగా ఉందని, బడులను తనిఖీ చేసే డిప్యూటీ ఇన్‌స్పెక్టరు స్వయంగా చూడటానికి వస్తున్నారు. ఆయనకు పిల్లలు కనబడకపోతే బడిని ఇంకో ఊరికి మార్చేస్తారు. మాస్టారు బెంబేలెత్తి, ఆ రోజు పొద్దున్నే వచ్చి ప్రచారం చేసిపెట్టమని మమ్మల్ని బతిమాలారు.

హంగుగానే వెళ్లాం. జీపు మీద మైకు, వెనక సీట్లో రంగురంగుల పోస్టర్లు, అవి అంటించే జిగురు సర్దిన సంచులు. "ఆరేళ్లు నిండిన పిల్లలందరినీ వెంటనే బడి దగ్గరకు తీసుకురావలెను" అని నేనే గంభీరంగా చదివాను.

మూడోసారి చదివేసరికి పేటలో ఒక్క పిల్ల లేదు. అప్పటిదాకా బడిలో కూర్చుని ఎక్కాలు వల్లిస్తున్నవాళ్లు కూడా కిటికీలోంచి దూకి పారిపోయారు. తల్లులు చంటిపిల్లల్ని సైతం చంకనేసుకుని సరుగుడు తోటలోకి పరుగు తీశారు. ఇంతలో ఇన్‌స్పెక్టరు నౌపడలో రైలు దిగి ఎడ్లబండి మీద బయల్దేరారని కబురు. "మీరు రాకపోయినా బాగుండేదండీ" అని మాస్టారు ఖాళీ బడి గుమ్మంలో కూలబడ్డారు.

పేటలో మిగిలింది చేపలమ్మే నూకాలమ్మ అనే ముసలావిడ. గంప దించి నాకెదురుగా నిలబడింది.

"ఏటి బాబూ, సూదులు ఏ సంచిలో ఎట్టినావు?"

సూదులేమిటన్నాను.

"మొన్న ఇదే జీబొచ్చినాది. ఇలాగే పిల్లల్ని బడికాడికి తెమ్మన్నారు. తెత్తే సేతులు గుచ్చేసి పోనారు. పేటంతా జొరాలు. ఇప్పుడు సదువంతన్నారు. మాకు తెల్దేటి?"

అప్పటికి అర్థమైంది. జిల్లాలో జీపులు తక్కువ. మశూచి టీకాల వాళ్లకు మా జీపునే మైకుతో సహా అరువిస్తుండేవాళ్లం. నాకు నవ్వొచ్చింది గానీ మాస్టారి ముఖం చూసి మింగేశాను.

సంచులన్నీ ఇసుకలో బోర్లించి చూపించాను. నూకాలమ్మ జిగురు డబ్బా మూత తీసి వాసన కూడా చూసింది. "సర్లే, ముందా జీబుని పంపెయ్యి. అదుండగా ఒక్క పిల్ల రాదు" అంది.

జీపును పంపేశాను. దాని మోత వినబడకుండా పోయాక ఆవిడ తోట వైపు తిరిగి, మా మైకును మించిన గొంతుతో కేకేసింది.

"ఒసే, రండే! సూదుల్లేవు! ఉత్తి సదువే!"

ఇన్‌స్పెక్టరు బండి దిగే సమయానికి బడి కిటకిటలాడుతోంది. ఇంకా నమ్మకం కుదరని తల్లులు కిటికీల దగ్గర కాపలా నిలబడ్డారు. అంతమంది తల్లుల్ని చూసి ఆయన ముచ్చటపడిపోయి, పొద్దున మా జీపు వచ్చి వెళ్లిందని విని, ఇదంతా జీపు ప్రచార ఫలితమేననీ, జిల్లాకు ఇంకో జీపు అత్యవసరమనీ పైకి రాశారు. బడి నిలిచింది. కొత్త జీపూ వచ్చింది.

ఆ పేటలో చదువంటే ఎవరికీ వ్యతిరేకత లేదు, మా బండంటేనే భయం. సర్కారు మాట చెప్పబోయే ముందు, అదే మైకు అంతకుముందు ఏం చెప్పి వెళ్లిందో కనుక్కోవాలని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ పల్లెకు వెళ్లినా జీపును ఊరి బయటే ఆపించి నడిచి వెళ్లేవాణ్ణి. మా బడ్జెట్టులో పెట్రోలుకు పద్దు ఉండేది, నడకకు లేదు.